బీదరు సీమ సేద్యమున పశువు స్థానము

బీదరు మండలము 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. నాటి పునర్వ్యవస్థీకరణమున జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు మెదకు జిల్లాలో చేరినవి. ఉద్గీరు, నిలంగా, అహమదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. మిగిలినది నేటి కర్ణాటకమున నున్నది. ఎల్లలు మారినను తెలుగు, కన్నడ, మరాఠీ రైతుల సేద్యపద్ధతి యొక్కటిగానే నిలిచినది. ఆ పద్ధతికి మూలస్తంభము పశువు.

మంజీరా పరీవాహకమందలి నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు వాఱును. పదును తప్పక దున్నవలెనన్న బలమైన ఎడ్లు కావలయును. ఈ అవసరమునకు తగిన జాతి దేవణి. లాతూరు ప్రాంతపు దేవణి గ్రామము పేరిట ప్రసిద్ధమైన ఈ జాతిలో మూడు తెగలు గలవు. ఒళ్లు తెల్లనై ముఖము నల్లనైనది వానేరా. ఒళ్లంతయు తెల్లనిది బాలాంక్యా. తెల్లని ఒంటిపై నల్లమచ్చలు గలది శేవేరా. దీని ఎద్దు అరకకు, ఆవు పాడికి పనికివచ్చును.

పశువును పోషించునది పొలమే. యాసంగి జొన్న గింజ ఇంటికి, చొప్ప కొట్టమునకు చేరును. కంది, శనగల పొట్టు మేతయగును. పేడయు, మూత్రముతో తడిసిన చెత్తయు పెంటకుప్పలో మాగి తొలకరికి ముందు చేనికి మరలును. పెసర, మినుము, కంది వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు కూర్చును. కంది వేరు లోతునకు దిగి అడుగు పొరల సారమును పైకి తెచ్చి, ఆకు రాల్చి నేలకిచ్చును. కనుకనే జొన్నసాళ్ల నడుమ పప్పుజాతుల సాళ్లు వేయుట పెద్దల ఆచారము.

ఈ సంబంధమును పండుగలును చాటును. తెలుగువారి ఏరువాక పున్నమియే ఇచ్చట కారహుణ్ణిమె; ఆనాడు ఎడ్లను అలంకరించి పూజింతురు. మార్గశిరమాసాంతమున వచ్చు ఎళ్ళ అమావాస్యనాడు కుటుంబములు చేలకు పోయి, పలు పప్పుగింజలు, కూరలు కలిపి వండిన భజ్జిని నైవేద్యము చేసి అచ్చటనే భుజింతురు. చేనిలోని పంటల వైవిధ్యమంతయు ఆ ఒక్క వంటకమున కానవచ్చును.

ఇటీవల సుభాష్ పాలేకర్ ప్రచారమువలన జీవామృతము ప్రసిద్ధి చెందినది. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు మన్ను కలిపి పులియబెట్టుట దీని విధానము. పులియబెట్టిన ఎరువు మనకు క్రొత్త గాదు. సురపాలుని వృక్షాయుర్వేదమున కుణపజలము చెప్పబడినది. అయినను ఒక లెక్క మరువరాదు. 10 కిలోల పచ్చిపేడలో నత్రజని సుమారు 30 నుండి 50 గ్రాములు మాత్రమే యుండును. ఎకరపు పైరు కోరునది కిలోల కొలది. జీవామృతము నేలలోని సూక్ష్మజీవులను వృద్ధిచేయునని దానిని ప్రచారము చేయువారి అభిప్రాయము. అట్లయినను పైరునకు కావలసిన సారమును పెంటకుప్పయు, పప్పుపంటయు సమకూర్పవలసినదే.

నేటి ప్రమాదమచ్చటనే యున్నది. గత కొన్ని దశాబ్దములలో బీదరున సోయాచిక్కుడు వ్యాపించి జొన్న వెనుకకు తగ్గినది. జొన్న తగ్గిన చొప్ప తగ్గును. చొప్ప కఱవైన ఎద్దు పోవును. ట్రాక్టరు దున్నును గాని పేడ నీయదు. బీదరు కేంద్రముగా 2004లో ఏర్పడిన కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయమువంటి సంస్థలు దేవణి జాతిని పరిశోధించి రక్షింపగలవు. కాని క్షేత్రములోని మందను రక్షించినంత మాత్రమున ఊరి కొట్టము నిండదు.

మార్గమునకు ఉదాహరణము ప్రక్కనే యున్నది. ఒకప్పటి బీదరు భాగమైన జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములు చిరుధాన్యములను, పప్పులను కలిపి పండించుచు విత్తనములను కాపాడినవి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమతిని పొందినవి. విత్తనము, చొప్ప, పశువు, పెంట అను నాలుగు లంకెలు గల గొలుసే ఈ సీమ పెద్దల విజ్ఞానము. అందొకదానిని తీసి ద్రావణముగా పోసినంత మాత్రమున తక్కిన మూడింటి లోటు తీరదు. జొన్నచేనిని నిలిపినవారే దేవణి ఎద్దును నిలుపగలరు.