పాత బట్టల కొట్లో కొత్త ట్యాగులు

మేముండేది అబుదాబి శివారు మఫ్రఖ్‌లో. గత నెల పాప గౌన్ల కోసం పాత బట్టల కొట్టుకి వెళ్లాను. మూడు నచ్చాయి. తీరా చూస్తే రెండింటికి ధర ట్యాగు కూడా తీయలేదు! ఎవరో మోజుపడి కొని, ఒక్కసారీ వేయకుండానే ఇచ్చేశారు. నవ్వొచ్చింది. వెంటనే మా బీరువాలో ట్యాగులతోనే ఉన్న నాలుగు టాపులు గుర్తొచ్చాయి.

లేబుల్ చూస్తే మూడూ నూరు శాతం పాలిస్టరే. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా! నీళ్ల సీసా, ఈ గౌను రెండూ ఒకే ప్లాస్టిక్. ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు నీళ్లలో కలుస్తాయి. ఇచ్చేస్తే పుణ్యమనుకుంటాం గానీ, ఇలాంటివి బేళ్లకు బేళ్లు ఘనాలోని కంటమాంటో సంతకి, మన పానిపట్‌కి చేరతాయి. చిలీలోని అటకామా ఎడారిలో గుట్టలే పడ్డాయి.

మా అమ్మ కూడా పాత చీరలకు స్టీలు గిన్నెలు తీసుకునేది. కానీ అవి ఏళ్ల తరబడి కట్టి, వెలిసిపోయిన చీరలు.

పాప పట్టుబట్టిన గులాబీ గౌను ఒక్కటే తెచ్చాను. పొట్టయ్యేదాకా వేసుకోవాలని ఒప్పందం! నా నాలుగు టాపులకూ ట్యాగులు తెంపేశాను. ఇక వంతులవారీగా అవే.

మీ బీరువాలో ఎన్నున్నాయి?