కులానికి కాపలా పెళ్లే

సికింద్రాబాద్‌ స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌ అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, 2009లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అగ్రవర్ణమైనా, అణగారిన కులమైనా, దాదాపు అందరిలోనూ రెండు ప్రాచీన జనసమూహాల వారసత్వం కలగలిసే ఉందని, తేడా పాళ్లలోనేనని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు విస్తారంగా సాగి, ఆ తర్వాత కులంలోనే పెళ్లి అన్న కట్టుబాటు బిగిసి ఆగిపోయిందని 2013 నాటి అధ్యయనం చూపింది. అంటే కులం మనిషి పుట్టుకలో లేదు, పెళ్లి కట్టుబాటులో ఉంది.

సైన్స్ మాట ఇలా ఉంటే, మనుషులందరిదీ ఒకే మూలమని క్రైస్తవ అపొస్తలుడు పౌలు ఏనాడో ఏథెన్సులో బోధించాడు. ఆ మాట మన పల్లెల్లో అంటరానివారికి కొత్త ఊపిరైంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని దళితుల్లోంచి తొలి కార్డినల్ అయ్యారు. ఇది గర్వించదగ్గ ఘట్టమే. కానీ అందుకు అంతకాలం పట్టడం క్రైస్తవ సంఘం తనను తాను ప్రశ్నించుకోవాల్సిన విషయం. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకునేవారు కూడా పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులమే అడుగుతున్నారు. మాల, మాదిగ క్రైస్తవుల మధ్య సైతం ఆ గోడ పూర్తిగా కూలలేదు.

కులాల మధ్య జన్యుభేదాలు కనిపిస్తున్నాయి కదా, కులం సహజమే కదా అని కొందరు అంటారు. ఆ భేదాలు చాలావరకు గోడ కట్టాక ఏర్పడిన గుర్తులు. గోడకు అవి కారణం కావు. మరి రేపు సైన్స్ ఇంకేదైనా కనిపెడితే సమానత్వం పోతుందా? పోదు. మనిషి విలువ ప్రయోగశాల ఇచ్చింది కాదు. ప్రతి మనిషీ దేవుని స్వరూపమన్న విశ్వాసమే క్రైస్తవులకు దానికి ఆధారం. సైన్స్ చేసే మేలు వేరు: వివక్షకు రక్తశుద్ధి పేరుతో చెప్పే సాకును అది తుడిచేస్తుంది.

పెళ్లి కుటుంబాల సొంత వ్యవహారం, సంఘం కల్పించుకోకూడదన్నది మరో అభ్యంతరం. ఎవరినీ బలవంతపెట్టకూడదన్నది నిజమే. అయితే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద వివాహం జరిపించే అధికారం అందుకు అర్హులైన పాస్టర్లకు ఉంది. వధూవరుల పేర్లు ఆదివారం ఆరాధనలో చదివేదీ సంఘమే. కులం దాటి ప్రేమించిన జంట వచ్చినప్పుడు పెద్దలతో మాట్లాడడం, బెదిరింపులొస్తే అండగా నిలవడం, సంబంధాలు వెతికేటప్పుడు కులం అడగవద్దని ప్రసంగవేదిక నుంచే చెప్పడం దాని చేతిలో పనే. కులాల కలయికను ఆపింది పెళ్లి కట్టుబాటేనని పరిశోధన చూపింది గనక, పెళ్లి జరిపించే సంఘం ఇక తటస్థంగా ఉండే వీలు లేదు.