పరాయి నగరమున మాతృభాష

కలకత్తాలో కాంటనీసు మాట్లాడు చీనా కుటుంబములు తరతరములుగా ఉన్నవి, తెలుగువారును ఉన్నారు. ఈ రెండు భాషల వాక్చిత్రముల పుట్టుకలో ఒక పోలిక కలదు.

1934 వరకు మద్రాసులో ధ్వనిచిత్రములకు తగిన స్టూడియోలు లేవు. అందుచేత తెలుగు నటులు కలకత్తా రైలెక్కినారు. అక్కడ ఈస్టిండియా ఫిలిం కంపెనీకి చిత్తజల్లు పుల్లయ్యగారు 1933లో ‘సతీ సావిత్రి’ని, 1934లో ‘లవకుశ’ను తీసినారు. యంత్రములు అక్కడివి, పద్యము, రాగము మన రంగస్థలమువి. ‘లవకుశ’ తెలుగునాట అఖండ విజయము పొందినది.

తొలి కాంటనీసు వాక్చిత్రములలో ఒకటైన ‘తెల్లబంగారు డ్రాగన్’ కూడ 1933లో దూరపు షాంఘైలోనే తయారైనది. నాయకుడు కాంటనీసు సంగీతనాటక నటుడు సిట్ కాక్ సిన్. 1930లలో నాన్‌కింగు ప్రభుత్వము ప్రాంతీయభాషా చిత్రములను నిషేధింపబూనగా, ఆ భాషకు హాంగ్‌కాంగ్ ఆశ్రయమైనది. అక్కడను 1970ల ఆరంభమున మాండరిన్ చిత్రముల ధాటికి కాంటనీసు చిత్రనిర్మాణము దాదాపు నిలిచిపోయినది. 1973లో చోర్ యూన్ తీసిన ‘డెబ్బదిరెండు వాటాల ఇల్లు’ దానికి మరల ప్రాణము పోసినది. కథ షాంఘై నాటకమునుండి తెచ్చినదే. కాని ఇరుకు వాటాలలో కాపురముండువారు మాటలాడినది హాంగ్‌కాంగ్ వీధుల కాంటనీసు. జనము విరగబడి చూచినారు.

స్టూడియోను అద్దెకు తెచ్చుకొనవచ్చును, కథను ఎరువు తెచ్చుకొనవచ్చును. పలుకుబడి మాత్రము సొంతము కావలెను. దానిని కాపాడు భారము రచయితది.