నొప్పి యెరుగని పాదము

చెప్పులో చిన్న రాయి చేరినచో మనము వెంటనే ఆగి దులిపివేయుదుము. నొప్పియే పాదమునకు కావలివాడు. మధుమేహము గాని, కుష్ఠు గాని నరములను దెబ్బతీసినచో ఈ కావలి పోవును. పుండు పడినను నడక ఆగదు.

1946లో వెల్లూరు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠు సోకినవారి అరికాలి పుండ్లకు ముఖ్యకారణము మాంసము తనంత కుళ్ళుట కాదనియు, స్పర్శ లేనిచోట మరల మరల పడు ఒత్తిడియే యనియు చూపెను.

మనిషి బరువు మారదు; అది ఆనెడి వైశాల్యము పెరిగినకొలది ఒత్తిడి తగ్గును. సన్నని గాలి గదులుగల మెత్తని రబ్బరు అట్ట పాదమునకు ఒదిగి, బరువును అరికాలంతటను పంచును. ఎం.సి.ఆర్. చెప్పుల గుణమిదియే. ముల్లు దిగకుండ దాని క్రింద గట్టి అట్టయు, జారకుండ మడమ వెనుక పట్టీయు ఉండవలెను.

స్పర్శ తగ్గినవారికి బిగుతు చెప్పే సరిపోయినట్లు తోచును. కావున సాయంకాలము, పాదములు కొంత ఉబ్బియున్నప్పుడు, నిలువబడి కొలత ఇయ్యవలెను. తొడుగుటకు ముందు చెప్పు లోపల చేతితో తడిమి చూడవలెను. రాత్రి అద్దము పెట్టి అరికాలు పరిశీలింపవలెను. మడమ పగుళ్ళకు వాసెలిన్ మేలు. వ్రేళ్ళ సందులలో రాయరాదు.

నొప్పి చేయని కాపలా కన్నును, చేయియు చేయవలెను.