కారు ఎండలో, సామాను నీడలో

గత జూలైలో ఒక ఉదయం మా కారు షెడ్డులోని చెక్క బీరువా తెరచి నిర్ఘాంతపోయాను. నేను చేతితో వ్రాసుకున్న అనువాదపు ప్రతి, సుమారు రెండు వందల పుటలు, చెదల పాలయినది. పై పుట మాత్రం చక్కగా ఉన్నది. ఎత్తి చూస్తే క్రింద మట్టి! ఆ షెడ్డు కారు కోసం కట్టినది. కారేమో ఆరేళ్లుగా వీధిలో ఎండకు మాడుతున్నది.

మేముండేది బిలాస్‌పూర్‌ను ఆనుకొని ఉన్న తిఫ్రాలో. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ చాలాకాలం కలిసి ఉన్నందున బదిలీల మీద ఇటు వచ్చిన తెలుగువారున్నారు. మా నాన్నగారూ అలాగే వచ్చారు. ఆయన ఏ వస్తువునూ పారవేయరు. విరిగిన మంచపు కోళ్లు, పాడయిన కూలరు, ఖాళీ డబ్బాలు, అన్నీ ఆ షెడ్డులోనే.

పెరటిలో ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున సామాన్ల గది కట్టాలనుకున్నాను. అంతకు ముందే సగం సామాను అమ్మివేద్దామన్నాను. నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవనాడు తామే పెరట్లో కుర్చీ వేయించుకొని, ఒక్కొక్క వస్తువునూ తెప్పించి చూచారు. కూలరు పోయినది, కోళ్లు పోయినవి. ఇనుప ట్రంకు మాత్రం ఉంచమన్నారు. తెరిస్తే మా నాయనమ్మ ఉత్తరాలు! ఒక్కదానికీ చెద అంటలేదు. కారణం ఏమంటే ఆ ట్రంకు రెండేసి ఇటుకల మీద, గోడకు ఎడంగా ఉన్నది. చదువుకున్నవాడి బీరువా నేల మీద, గోడకు ఆనుకొని ఉన్నది.

కొత్త గదికి ఆ ట్రంకే గురువయినది. చెదలు మట్టిలోనుండి పగుళ్ల గుండా పైకి వస్తాయి. కనుక పునాది అరుగు నేలకు అడుగు ఎత్తున లేపి, సిమెంటు గచ్చు పగుళ్లు లేకుండా చేయించాము. ప్రహరీకి రెండడుగుల ఎడం విడిచాము. మనిషి వెనుకకు వెళ్లి చెదల మట్టిచారలు కనిపెట్టవచ్చును. గోడలకు బొగ్గు బూడిద ఇటుకలు వాడాము. కోర్బా విద్యుత్కేంద్రాలు దగ్గరనే ఉండగా బూడిదకు కొదువేమి?

పైకప్పుకు ఆస్బెస్టాస్ రేకులు చవకని మేస్త్రీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాటిని కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులలో చేరితే క్యాన్సరుకు దారితీయవచ్చును. జింకు పూత ఇనుప రేకులు వేయించాము. మే నెల ఎండకు అవి కాలుతాయి గనుక, ఎదురెదురు గోడలలో కప్పు క్రింద జాలీలు పెట్టించాము. తలుపు బయటికి తెరచుకోవాలి. లోపలికయితే ఇంత చిన్న గదిలో చోటంతా అదే తినివేస్తుంది.

పని జరుగుతుండగా నాన్నగారికి బెర్నార్డ్ షా సంగతి చెప్పాను. ఆ రచయిత తన తోటలోని వ్రాతగదిని సూర్యుని వైపు త్రిప్పుకొనేందుకు వీలుగా ఇరుసుపై అమర్చుకున్నాడు. దానికి ‘లండన్’ అని పేరు పెట్టాడట, వచ్చినవారితో ఆయన లండన్‌లో ఉన్నారని చెప్పి పంపవచ్చునని! “అయితే మా లోకో షెడ్డులో ఇంజన్లు త్రిప్పే టర్న్‌టేబుల్ వంటిదన్నమాట” అన్నారు నాన్నగారు.

ఈ జూన్ వానలకు కారు నీడకు చేరినది. నా అనువాదం తిరిగి అరవైయవ పుట వరకు వచ్చినది. ట్రంకు కొత్త గదిలోకి వెళ్లినది. అంత ఎత్తు గచ్చు మీద కూడా, నాన్నగారు దాని క్రింద మళ్లీ రెండేసి ఇటుకలు పెట్టించారు.