ఆర్సెనిక్ ఉన్న బావిని గుర్తించేదెలా?

2003 ప్రాంతంలో మీరొక బంగ్లాదేశ్ పల్లెకు వెళ్ళారనుకోండి. ఒక ఇంటి చేతిపంపుకు ఎర్ర రంగు, నాలుగిళ్ళ అవతలి పంపుకు ఆకుపచ్చ రంగు కనిపిస్తాయి. రెండింటి నీళ్ళూ తేటగానే ఉంటాయి, రుచిలో తేడా తెలియదు. కానీ ఎర్ర పంపు నీటిలో లీటరుకు 50 మైక్రోగ్రాముల కన్నా ఎక్కువ ఆర్సెనిక్ ఉంది. ఆ నీటిని ఏళ్ళ తరబడి తాగితే చర్మంపై మచ్చలు వస్తాయి, అరచేతులు, అరికాళ్ళు గరుకుబారుతాయి. క్యాన్సర్ కూడా రావచ్చు.

చిత్రమేమంటే, ఈ బావులు వేసింది ప్రాణాలు కాపాడటానికే. చెరువు నీటితో వచ్చే అతిసారాన్ని తప్పించాలని 1970ల నుంచి యూనిసెఫ్ వంటి సంస్థల సాయంతో గొట్టపు బావులు దింపారు. ఆర్సెనిక్ కోసం అప్పట్లో ఎవరూ పరీక్షించలేదు. 1983లో కలకత్తా చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా పశ్చిమ బెంగాల్ రోగుల్లో దీన్ని గుర్తించారు. బంగ్లాదేశ్ బావుల్లో 1993లో బయటపడింది.

ఇది ఫ్యాక్టరీల కాలుష్యం కాదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఇసుక రేణువులపై తుప్పులాంటి ఇనుప పూత ఉంటుంది. ఆర్సెనిక్ దానికి అంటుకుని ఉంటుంది. ఆక్సిజన్ అందని లోతులో సూక్ష్మజీవులు ఆ పూతను కరిగిస్తాయి, ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. మన బీహార్, ఉత్తరప్రదేశ్‌లలోని గంగా తీర జిల్లాల్లోనూ జరుగుతున్నది ఇదే. ఒండ్రు పొరలు ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండవు కనుక పక్కింటి బావిని చూసి మన బావి గురించి చెప్పలేం. ప్రతి బావినీ విడిగా పరీక్షించాల్సిందే.

పరీక్ష మీ ప్రయోగశాలలో చేసేలాంటిదే. సీసాలోని నీటికి ఆమ్లం, జింకు పొడి కలుపుతారు. ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా మారి పైకి వస్తుంది. మూత దగ్గర ఉంచిన మెర్క్యూరిక్ బ్రోమైడ్ కాగితం పసుపుగా, ఆర్సెనిక్ ఎక్కువైతే గోధుమ రంగుగా మారుతుంది. (ఆర్సీన్ విషవాయువు, గాలి ఆడేచోటే చేయాలి.) ఆ రంగును నమూనా పట్టీతో పోల్చి కంటితోనే నిర్ణయిస్తారు. అందువల్ల 50కి అటూ ఇటూగా ఉన్న బావుల్లో పొరపాట్లు జరుగుతాయి.

2000-2003 మధ్య బంగ్లాదేశ్‌లో ఇలా దాదాపు 50 లక్షల బావులను పరీక్షించారు. సుమారు 14 లక్షలు ఎర్రబావులని తేలింది. చాలా కుటుంబాలు పక్కవారి ఆకుపచ్చ పంపుకు మారాయి. నా దృష్టిలో ఏ వడపోత యంత్రం కన్నా ఇది చవకైన వైద్యం. మరి నీటిని కాచితే చాలదా అంటారేమో. చాలదు, నీరు ఆవిరై ఆర్సెనిక్ గాఢత పెరుగుతుంది.

అయితే ఆకుపచ్చ అంటే ఆర్సెనిక్ లేదని కాదు, 50 దాటలేదని మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 10. పైగా ఆ రంగులు కొన్నేళ్ళకే వెలిసిపోయాయి. ఈలోగా ప్రజలు సొంత ఖర్చుతో కొత్త బావులు వేసుకుంటూ వచ్చారు. లోతు తక్కువైన బావిని మేస్త్రీలు ఒకటి రెండు రోజుల్లోనే దింపేస్తారు. పరీక్షించేవారు రాకముందే ఇల్లంతా ఆ నీళ్ళు తాగడం మొదలుపెడుతుంది.