వేడి కాదు, వ్యాధే!

కాప్రాలో మా వీధికి కుళాయి నీళ్లొచ్చే రోజున ఆడవాళ్లమంతా వాకిళ్లలోనే ఉంటాం. బిందెలు నిండేలోగా ధరలు, పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్ల నొప్పులు అన్నీ దొర్లిపోతాయి. ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఆ మాటను ఎదురింటి అమ్మాయి ఒకరోజు మా వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"అక్కా, తెల్లబట్ట ఆగుతలేదు. దురద, మంట. వాసన గూడ వస్తున్నది. డ్యూటీల నిలబడాలంటె పాణం పోతున్నది."

ఆమె నాచారంలో ఒక కంపెనీలో ప్యాకింగు పనికి వెళుతుంది. నేనేం చెప్పానో తెలుసా? మా అమ్మ నాకు చెప్పిందే! "వేడి చేసుంటుంది. సబ్జా గింజలు నానబెట్టి తాగు, పచ్చళ్లు మానెయ్" అన్నాను. పాపం, నెల రోజులు తాగింది. ఏమీ తగ్గలేదు. ఆ నెల వృథా కావడానికి నా సలహాయే కారణమని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చివరికి ఇద్దరం కలిసి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ స్రావాన్ని గాజు పలక మీద తీసి, మైక్రోస్కోపులో చూసి "ట్రైకోమోనాస్" అన్నారు. అది కంటికి కనిపించని ఏకకణ పరాన్నజీవి. ముందు నాలుగు సన్నటి తోకలతో ఈదుతూ ఉంటుందట. 1836లోనే ప్యారిస్‌లో ఆల్ఫ్రెడ్ డొనే అనే వైద్యుడు దీన్ని మొదట గుర్తించాడు. దాంపత్య సంబంధం ద్వారా ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఒక్క 2020లోనే 15 కోట్ల 60 లక్షల మందికి కొత్తగా సోకింది. ఇంతమందికి వచ్చే జబ్బుకు మన ఇళ్లల్లో పేరే లేదు!

తెల్లబట్ట ప్రతిసారీ జబ్బేమీ కాదు. నెల మధ్యలో, బహిష్టుకు ముందు కొంచెం తెల్లగా అవడం సహజమే. పెరుగు విరిగినట్టుగా ఉండి దురద పెడితే అది బూజు జాతి సూక్ష్మజీవి పని కావచ్చు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగగా, దుర్వాసనతో అవుతూ, మూత్రానికి వెళ్లినప్పుడు మంటగా ఉంటే ట్రైకోమోనాస్‌ను అనుమానించాలి. అయితే లక్షణాలను బట్టి మనమే తేల్చుకోలేం. సోకినవారిలో సగానికి పైగా మందికి ఏ బాధా తెలియదు. మగవాళ్లలోనైతే మరీనూ.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. డాక్టరమ్మ ఇద్దరికీ మందులు రాశారు. ఈ అమ్మాయి మాత్రం తన గోలీలు తాను మింగి, భర్తవి బీరువాలో చీరల కింద దాచేసింది. రెండు నెలల్లో జబ్బు మళ్లీ మొదటికొచ్చింది. "సుఖవ్యాధి అని చెప్తె నన్నే అనుమానిస్తడు అక్కా" అని ఏడ్చింది.

ఈసారి డాక్టరమ్మ ఆ దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. ఈ క్రిమి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఒంట్లో ఉండగలదు. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో పరీక్ష చెప్పలేదు. కాబట్టి పంచాయితీలు పెట్టుకోకుండా ఇద్దరూ మందు వాడండి, నయమయ్యేదాకా దూరంగా ఉండండి, మూడు నెలలకు మళ్లీ పరీక్షకు రండి అన్నారు. "నాకేం బాధ లేదు గదా" అని మొదట నసిగినా, అతనూ వేసుకున్నాడు.

ఇందులో వాడే మెట్రోనిడజోల్ మనకు కొత్తదేం కాదు. జిగట విరేచనాలకు మందుల షాపులో ఇచ్చే మాత్రే! ప్రాణవాయువు లేనిచోట బతికే క్రిముల్లోనే ఇది విషంగా మారుతుంది. అందుకే రెండిటికీ పనిచేస్తుంది. అలాగని సొంతంగా కొనుక్కోవద్దు. ఎన్ని రోజులు వాడాలన్నది ముఖ్యం. అమెరికాలో 623 మంది స్త్రీల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే మోతాదుగా మింగినవారిలో 19 శాతం మందికి నెల తర్వాత కూడా క్రిమి కనిపించింది. ఏడు రోజులు వాడినవారిలో అది 11 శాతమే. గాజు పలక పరీక్ష కూడా చాలాసార్లు క్రిమిని పట్టుకోలేదు. "ఏమీ లేదు" అన్నాక కూడా బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లాల్సిందే.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుంది? గర్భిణులకు నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు పెరుగుతాయి. కెన్యాలోని మొంబాసాలో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇది ఉన్న స్త్రీలకు ఎయిడ్స్ క్రిమి సోకే ప్రమాదం దాదాపు ఒకటిన్నర రెట్లు.

మన ప్రాణహితకు అవతలి గట్టున గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడి రెండు పల్లెల్లో డాక్టర్ రాణీ బంగ్ బృందం 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో ఆ ఫలితాలను ప్రకటించింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే! ఆ మిగతావాళ్లంతా ఏం చేసి ఉంటారు? మనలాగే సబ్జా గింజలు తాగి, నోరు మూసుకుని ఉంటారు.

మొన్న నీళ్ల దగ్గర ఆ అమ్మాయే పక్కింటి కోడలిని చెవిలో ఏదో అడుగుతోంది. "వేడి గాదు చెల్లె, బస్తీ దవాఖానకు పోదాం, నేనొస్త" అన్న మాట నా చెవిన పడింది. నా బిందె నిండిపోయి పొర్లుతున్నా నేను చూసుకోలేదు.